నెలల తరబడి మూలపడ్డ మోటార్‌హోమ్ జనరేటర్‌ను లేపడం, లేచాక చూసుకోవడం

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: పాత మోటార్‌హోమ్ (లోపలే ఇల్లులా ఉండగలిగే బండి) ఒకటి కొన్నారు, దాని పొట్టలో 4,000 వాట్ల పెట్రోల్ జనరేటర్ ఉంది. అమ్మినాయన ఎనిమిది తొమ్మిది నెలలుగా దాన్ని ముట్టుకోలేదట. బటన్ నొక్కితే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ ఒక్కోసారి అందుకుంటోంది, మూడు నాలుగు సెకన్లు ఆడి ఆగిపోతోంది. చూసిన మెకానిక్ ఏకంగా జనరేటరే మార్చెయ్యమన్నాడు. దీన్ని లేపడం ఎలా, లేచాక మళ్ళీ ఈ గతి పట్టకుండా చూసుకోవడం ఎలా అని మీ ప్రశ్న.

మార్చడం సంగతి ఇప్పుడే ఎత్తకండి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ జనరేటర్లను విప్పడం, బిగించడమే నా పని. "అయిపోయిందండీ, ఇక పనికిరాదు" అంటూ నా దగ్గరికి వచ్చినవాటిలో తిరిగి తిరిగి అరిగిపోయినవి తక్కువ, తిప్పక పాడైనవే ఎక్కువ. పాత బండి కొనేవాళ్ళు గంటల మీటర్ చూసి, పదిహేనేళ్ళలో 120 గంటలే తిరిగిందని సంబరపడతారు. నేనైతే ఆ అంకె చూసి జంకుతాను. అదే వయసు బండిలో 900 గంటలు కనిపిస్తే కాస్త ధైర్యం. అంత తిరిగిందంటే ఎవరో దాన్ని పట్టించుకున్నారన్నమాట.

చెయ్యి పెట్టేముందు ఒక మాట. కొన్ని బండ్లలో బ్యాటరీ తగ్గగానే, లేదా లోపల వేడెక్కగానే జనరేటర్ తనంతట తనే స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. ఆ ఆటో స్టార్ట్‌ను ముందు ఆపెయ్యండి. ఏదైనా విప్పే పని పెట్టుకుంటే బ్యాటరీ నెగటివ్ వైరు కూడా పీకి పక్కన పెట్టండి. వేళ్ళు ఫ్యాన్ దగ్గర ఉండగా అది లేచిందంటే ఇక అంతే. బండిని షెడ్డులో పెట్టి వెళ్ళేటప్పుడు కూడా ఆటో స్టార్ట్ ఆపి వెళ్ళండి.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. బండి పెట్రోల్ ముల్లు చూడండి. జనరేటర్ తాగేది బండి ట్యాంకులోంచే, కానీ దాని గొట్టం ట్యాంకు అడుగు దాకా దిగదు. సుమారు పావు ట్యాంకు మట్టం దగ్గర ఆగిపోతుంది. రాత్రంతా తిరిగి ట్యాంకు ఊడ్చేస్తే పొద్దున బండి కదలదు కదా, అందుకని తయారుచేసేవాళ్ళే అలా పెడతారు. ముల్లు పావు మీదుంటే బండి హాయిగా నడుస్తుంది, జనరేటర్ మాత్రం గాలి పీలుస్తుంది. ఈ పనికి కొత్తలో ఒకసారి నేను పూటంతా కూర్చుని, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ విప్పాను, కడిగాను, బిగించాను, మళ్ళీ విప్పాను. సాయంత్రం బండి ఓనరు వచ్చి, పెట్రోల్ తక్కువుంది పోయించుకొస్తానని వెళ్ళి, తిరిగొచ్చి బటన్ నొక్కాడు. వెంటనే లేచింది. ఆయన నా పనితనం మెచ్చుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బండి ఏటవాలుగా నిలబడితే ఇంకాస్త ఎక్కువున్నా గొట్టం మూతి పైకి తేలొచ్చు. అందుకని సగానికి పైగా నింపి, చదునైన చోట నిలిపి, అప్పుడు మొదలుపెట్టండి. తొమ్మిది నెలల పాత పెట్రోల్‌కు ఇలా కొత్తది కలవడం కూడా మంచిదే.

తర్వాత బ్యాటరీ. చాలా బండ్లలో జనరేటర్ సెల్ఫ్‌కు కరెంటు వచ్చేది బండి ఇంజన్ బ్యాటరీ నుంచి కాదు, లోపల లైట్లకూ ఫ్యాన్లకూ వాడే ఇంటి బ్యాటరీల నుంచి. లైట్లు వెలుగుతున్నాయి కదా అని మోసపోవద్దు. లైటుకు ఒకటి రెండు ఆంపియర్లు చాలు, సెల్ఫ్‌కు వందకు అటూ ఇటూ కావాలి. ఛార్జింగ్ ఆపి, కొన్ని గంటలు వదిలేసి మల్టీమీటర్‌తో కొలవండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. ఇప్పుడు ఇంకొకరిని బటన్ నొక్కమని, మీరు మీటర్ ముళ్ళు బ్యాటరీ టెర్మినళ్ళ మీదే పెట్టి చూడండి. 10 కిందికి జారితే బ్యాటరీ నీరసపడినట్టే. బ్యాటరీ దగ్గర 11 ఉండి, సెల్ఫ్ మోటార్ దగ్గర 9 మాత్రమే వస్తే ఆ రెండు వోల్టులను దారిలో ఎవరో మింగుతున్నారు.

ఆ దొంగ చాలాసార్లు ఎర్త్ వైరే. జనరేటర్ బాడీ నుంచి ఛాసిస్‌కు వెళ్ళే ఆ వైరు బండి కింద ఉంటుంది, చక్రాలు చిమ్మే బురదా నీళ్ళూ అన్నీ దాని మీదే. పైన రబ్బరు తొడుగు కొత్తదానిలా కనిపిస్తుంది. బోల్టు విప్పి లగ్గు తిప్పి చూస్తే పచ్చటి పొడి రాలుతుంది. రాగి మెరిసేదాకా సాండ్‌పేపర్‌తో రుద్ది, ఛాసిస్ వైపు రంగు కూడా గీకి, గట్టిగా బిగించి పైన కాస్త గ్రీజు రాయండి. సెల్ఫ్ బాగానే తిరుగుతోందన్నారు గానీ, చెవికి బాగానే అనిపించడం వేరు, వోల్టులు సరిపోవడం వేరు. వోల్టేజీ మరీ పడిపోతే సెల్ఫ్ ఎలాగో ఈడుస్తుంది, కంట్రోల్ బోర్డు మాత్రం మతి తప్పుతుంది.

ఆయిల్ చూడటం అందరికీ తెలిసిందే, రెండు మూడు సంగతులు మాత్రం చెబుతాను. ఇంజన్ ఆగి, బండి చదునుగా ఉన్నప్పుడే చూడాలి. ఈ సైజు ఇంజన్లో పట్టేదే సుమారు లీటరున్నర, కాబట్టి పావు లీటరు తగ్గినా తేడా తెలుస్తుంది. మంచిదని గీత దాటించి పోస్తే లోపల నురగ కడుతుంది, ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది, నీలం పొగ వస్తుంది. మీరేమీ పొయ్యకుండానే మట్టం గీత దాటి ఉండి, డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కంపు కొడితే స్టార్ట్ చెయ్యకండి. కార్బురేటర్‌లో పెట్రోల్ మట్టం చూసుకునే ఫ్లోట్ వాల్వు ఇరుక్కునో, పంపులో పొర చిరిగో పెట్రోల్ ఆయిల్లోకి దిగుతోంది. ఆ పల్చటి ఆయిల్‌తో తిప్పితే బేరింగులు పోతాయి.

ఇక స్టార్ట్ చెయ్యడం. చాలా మోడళ్ళలో స్టాప్ బటన్‌నే నొక్కి పట్టుకుంటే ఇంజన్ తిరగకుండా పెట్రోల్ పంపు ఒక్కటే ఆడుతుంది. దాని పక్కనే ప్రైమ్ అని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. మూలపడ్డ జనరేటర్‌కు ముందు ఇది చెయ్యాలి. అర నిమిషం పాటు పట్టుకుని చెవి ఒగ్గండి. మొదట టకటకటకమని పొడిగా, గబగబా కొట్టుకుంటుంది. పెట్రోల్ అందగానే ఆ చప్పుడు బరువెక్కి నెమ్మదిస్తుంది. ఎంతసేపున్నా పొడిగానే కొట్టుకుంటుంటే పంపు గాలి పీలుస్తోంది. ట్యాంకులో మట్టం ఉండి కూడా అలా ఉంటే రబ్బరు గొట్టం చూడండి. గొట్టం పగిలితే పెట్రోల్ కారాలి కదా అంటారు. కారనక్కర్లేదు. అది పీల్చుకునే వైపు కాబట్టి పగులులోంచి బయటి గాలి లోపలికి పోతుంది, కింద చుక్క కూడా పడదు. వేళ్ళతో మడిచి చూస్తే సన్న గీతలు నోరు తెరుస్తాయి. అలాంటి గొట్టం మార్చెయ్యడమే. అసలు చప్పుడే రాకపోతే పంపుకు కరెంటు రావట్లేదు, లేదా పంపే పోయింది.

చప్పుడు బరువెక్కాక, లోపల ఏసీ, మైక్రోవేవ్, హీటర్ అన్నీ ఆపి స్టార్ట్ నొక్కండి. ఒక విడతకు పది సెకన్లు మించొద్దు. లేవకపోతే నిమిషం ఆగి మళ్ళీ నొక్కండి. ఆ సెల్ఫ్ మోటార్ చిన్నది, ఊపిరాడనివ్వకపోతే కాలిపోతుంది. ఐదారు విడతలైనా లేవకపోతే బటన్‌తో కుస్తీ మానేసి కారణం వెతకాలి.

ఇప్పుడు మీ అసలు రోగం. లేచి ఆగిపోతోందన్నారు, ఎలా ఆగుతోందో రాయలేదు. సగం జవాబు అక్కడే ఉంది. స్విచ్ ఎవరో కట్టేసినట్టు టప్పున ఆగితే అది కరెంటు కథ. ఎగశ్వాస తీస్తూ, వేగం ఎక్కుతూ దిగుతూ, దగ్గి దగ్గి ఆగితే అది పెట్రోల్ కథ. ముఖ్యంగా బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ ఆడి, వేలు తియ్యగానే ఠక్కున ఆగిందంటే కార్బురేటర్ జోలికి పోకండి. వేలు తీశాక ఇంజన్‌ను నడవనివ్వాలా వద్దా అన్నది కంట్రోల్ బోర్డు తేలుస్తుంది. ఆయిల్ ప్రెజర్ ఉన్నట్టు, జనరేటర్ కరెంటు పుట్టిస్తున్నట్టు దానికి సమాచారం అందాలి. మోడల్‌ను బట్టి రెండింట్లో ఏది అందకపోయినా ఆపేస్తుంది. అప్పుడు చూడాల్సింది ఆయిల్ ప్రెజర్ స్విచ్‌నూ, దాని వైరునూ, జనరేటర్ వైపు, తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే బ్రష్‌లనూ. చాలావాటిలో స్టార్ట్ బటన్‌లోని లైటు మిణుకుమిణుకుమంటూ కోడ్ చెబుతుంది. ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి మీ మోడల్ పుస్తకంలో చూడండి. అయితే కోడ్ చెప్పిందే వేదమనుకోకండి. "ఇంజన్ దానికదే ఆగింది" అనే అర్థం వచ్చే కోడ్ పెట్రోల్ అందకపోయినా వస్తుంది, ప్లగ్గు పోయినా వస్తుంది.

తొమ్మిది నెలలు తిప్పలేదంటున్నారు కాబట్టి నా పందెం కార్బురేటర్ మీదే. పెట్రోల్ పాచిపోతుంది. అందులో తేలిగ్గా అంటుకునే భాగం ఆవిరైపోతుంది, మిగిలింది గాలి తగిలి జిగురవుతుంది. ఇథనాల్ కలిపినదైతే గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. ట్యాంకు నిండా ఉన్న పెట్రోల్ కొన్ని నెలలు ఓర్చుకుంటుంది. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కొంచెం మాత్రం నెలా రెండు నెలల్లోనే చెడిపోతుంది. ఆ గిన్నె విప్పితే అడుగున తేనెరంగు పొర, వార్నిష్ పూసినట్టు మెరుస్తూ ఉంటుంది. గోటితో గీకితే గోరుకు అంటుకుని సాగుతుంది. పెట్రోల్ కొలతగా పారే ఇత్తడి జెట్ ఊడదీసి వెలుతురుకు పట్టుకుని ఒక కన్ను మూసి చూడండి. రంధ్రం మిల్లీమీటరు కంటే సన్నం. అందులోంచి వెలుతురు గుండ్రంగా, అంచు తేటగా కనిపించాలి. నెలవంకలా కనిపించిందంటే మీ మూడు సెకన్ల రహస్యం అదే. గాలి దారికి మూతలాంటి చోక్ మూసి ఉన్నంతసేపు గాలి తక్కువగా పోతుంది కాబట్టి ఆ సన్నటి దారిలో వచ్చిన పెట్రోల్ సరిపోయి ఇంజన్ అందుకుంటుంది. చోక్ తెరుచుకోగానే గాలి ఎక్కువై, పెట్రోల్ చాలక ఊపిరి వదిలేస్తుంది.

కార్బురేటర్ విప్పేముందు రుజువు కావాలంటే ఇలా చూడండి. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ మూతిలోకి కార్బురేటర్ క్లీనర్ ఒక్క పిచికారీ కొట్టి, మొహం దూరంగా జరిపి బటన్ నొక్కండి. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో ఉండాలి. లేచి రెండు సెకన్లు ఆడి ఆగితే స్పార్కు ఉంది, పెట్రోలే అందట్లేదు. అస్సలు పలక్కపోతే ప్లగ్గు తీసి చూడండి. ఇదే పని డీజిల్ జనరేటర్ మీద చెయ్యకండి. ఇంజన్ లేవడానికి లోపల వేడి పుట్టించే, ఎర్రగా కాలిన గ్లో ప్లగ్గుల మీద మండే స్ప్రే పడితే లోపలే పేలి ఇంజన్ పగులుతుంది.

జెట్‌ను క్లీనర్‌తో నానబెట్టి, కంప్రెసర్ గాలితో ఊదండి. లోపల పొడవాలంటే వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు వాడండి. గుండుసూదీ, స్టీలు తీగా పెడితే మెత్తటి ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, ఆపైన ఎప్పుడూ నల్లపొగే. కొన్ని మోడళ్ళలో కార్బురేటర్ విప్పడానికి వీల్లేకుండా బిగించేస్తారు, అక్కడ మార్చడం తప్ప దారి లేదు. ఎంత చెడ్డా మొత్తం జనరేటర్ ఖరీదులో అది చిన్న వాటా. ఇంత శ్రమ ఎందుకు, ట్యాంకులో క్లీనర్ సీసా ఒకటి పోస్తే పోదా అని అడుగుతారు. పొర పల్చగా ఉండి ఇంజన్ ఎలాగో ఆడుతుంటే పోవచ్చు. రంధ్రం పూర్తిగా మూసుకుంటే మందు రోగం దాకా చేరనే చేరదు కదా.

ఇంకో రకం మొరాయింపు కూడా చెప్పాలి, ఎందుకంటే మూలపడ్డ బండ్లలో ఇది మామూలే. ఒక జనరేటర్ ఠంచనుగా పావుగంట తిరిగి ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్ళీ లేచేది. ఆయిల్ బాగుంది, పెట్రోల్ బాగుంది, జెట్ తళతళలాడుతోంది. రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి సిలిండర్ మీది రేకు తొడుగు విప్పితే రెక్కల సందుల నిండా ఎలుక గూడు: సీటులోంచి లాక్కొచ్చిన దూది, చించిన కాగితం, ఎండు గడ్డి. ఇవి గాలితో చల్లబడే ఇంజన్లు. ఆ రెక్కల మధ్య గాలి ఆడకపోతే వేడెక్కి ఆగిపోక ఏం చేస్తాయి? మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు కూడా అంతే, సైలెన్సర్ మూతి ఖాళీగా కనిపిస్తే కాపురం పెట్టేస్తాయి. మీరు ఎలాగూ కార్బురేటర్ విప్పుతారు కాబట్టి అదే చేత్తో టార్చి పట్టి గాలి దారులన్నీ చూసెయ్యండి.

లేచిందనుకుందాం. రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. లోపల వెంటనే కరెంటు రాకపోతే కంగారుపడకండి. ట్రాన్స్‌ఫర్ స్విచ్ అనే పెట్టె, జనరేటర్ కుదురుకునేదాకా 20, 30 సెకన్లు ఆగి అప్పుడు కలుపుతుంది, టక్‌మని వినిపిస్తుంది. ఆ తర్వాత కూడా రాకపోతే చాలామంది లోపలి బోర్డు దగ్గరే వెతుకుతారు. జనరేటర్ ఒంటి మీద కూడా బ్రేకర్ ఉంటుంది, ముందు దాన్ని చూడండి. అది ఆన్‌లో ఉన్నా కరెంటు పుట్టలేదంటే మళ్ళీ తిప్పకపోవడమే కారణం కావచ్చు. బ్రష్‌లు రాసుకునే స్లిప్ రింగుల మీద తుప్పు పొర పట్టి అవి సరిగా ఆనవు, లేదా రోటర్ అనే తిరిగే భాగంలో మిగిలి ఉండాల్సిన కొద్దిపాటి అయస్కాంతశక్తి పోతుంది. బయటి నుంచి బ్యాటరీతో దాన్ని మళ్ళీ ఎక్కించే పద్ధతి ఉంది గానీ, తిరుగుతున్న జనరేటర్ తీగల దగ్గర చేసే పని అది. చేతికి అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళకు వదిలెయ్యండి.

మీ రెండో ప్రశ్న, ఎలా చూసుకోవాలన్నది. అన్నిటికంటే ముందుది: నెలకోసారి, ఏకధాటిగా రెండు గంటలు, సగం లోడుతో తిప్పండి. మీదానికి సగం అంటే 2,000 వాట్లు. ఒక హీటరో, ఏసీతో పాటు ఇంకేదైనానో పెడితే సరిపోతుంది. లోడు ఎందుకంటే, ఖాళీగా తిరిగే ఇంజన్ సరిగా వేడెక్కదు. వేడెక్కితేనే ఆయిల్లో చేరిన తేమా, మండని పెట్రోలూ ఆవిరై పోతాయి, వైండింగులో పట్టిన చెమ్మ ఆరుతుంది. సగం లోడులో పెట్రోల్ కూడా జోరుగా పారి కార్బురేటర్‌లో పాతది కడుక్కుపోతుంది. బ్రష్‌లు రింగుల మీద రాసుకుని మెరుగు పెడతాయి. వారానికోసారి పది నిమిషాలు తిప్పి ఆపేవాళ్ళున్నారు. బాగా చూసుకుంటున్నామనుకుంటారు. నన్నడిగితే అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి చల్లటి ఇంజన్లో చెమటలా పట్టి, ఆరేలోగా మీరు ఆపేస్తారు. ఆపేటప్పుడు కూడా లోడంతా తీసేసి, రెండు మూడు నిమిషాలు ఖాళీగా చల్లారనిచ్చి ఆపండి.

మూడు నెలలు మించి వాడరని ముందే తెలిస్తే, తాజా పెట్రోల్‌లో పాచిపోకుండా కాపాడే స్టెబిలైజర్ అనే మందు కలిపి అరగంట తిప్పండి. అలా తిప్పితేనే అది కార్బురేటర్ దాకా చేరుతుంది. ట్యాంకులో పోసి ఇంటికెళ్ళిపోతే ట్యాంకుకే మేలు. పాచిపోయిన పెట్రోల్‌ను స్టెబిలైజర్ వెనక్కి తీసుకురాదు, ఆ ఆశ పెట్టుకోకండి. ఆయిల్ కూడా అప్పుడే, అంటే మూలపెట్టే ముందే మార్చండి. వాడిన ఆయిల్లో చేరిన ఆమ్లాలు నెలల తరబడి బేరింగుల మీద కూర్చుంటాయి.

గంటల లెక్కకు వస్తే, ఈ తరగతి పెట్రోల్ జనరేటర్లలో ఎక్కువ వాటికి ఆయిల్ 150 గంటలకు, లేదా ఏడాదికి, ఏది ముందొస్తే దానికి. కొత్తదైతే మొదటిసారి 20 గంటలకే మార్చాలి. సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉంటుంది, 50 గంటలకోసారి దాని మసి వదిలించాలి. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, పెట్రోల్ ఫిల్టర్ పుస్తకం చెప్పినట్టు. దుమ్ము దారుల్లో తిరిగేవాళ్ళు ఎయిర్ ఫిల్టర్‌కు ఆ గడువు చూసుకోకండి, తీసి కళ్ళతో చూడండి. మీది ఎప్పుడేం మార్చారో తెలియని బండి కాబట్టి అన్నీ ఒక్కసారి మార్చి, ఆనాటి గంటలను జనరేటర్ తలుపు లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టండి. నోటు పుస్తకాలు పోతాయి, తలుపు పోదు.

లోడు గురించి కాస్త. 4,000 వాట్లు ఉంది కదా అని రెండు ఏసీలు ఒకేసారి నొక్కితే ఆగిపోతుంది. ఏసీ కంప్రెసర్ లేచే క్షణంలో నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. ఒకటి లేచి కుదురుకున్నాక రెండోది. ఎత్తు కూడా శక్తిని తింటుంది. గాలి పల్చబడేకొద్దీ, ప్రతి 300 మీటర్లకు సుమారు 3.5 శాతం తగ్గుతుంది. అంటే 1,500 మీటర్ల ఎత్తున మీ 4,000 కాస్తా 3,300కు దిగుతుంది. అక్కడ నల్లపొగ వస్తే రోగం కాకపోవచ్చు, కార్బురేటర్ మీద ఎత్తుకు తగ్గట్టు తిప్పే మీట ఉందేమో చూడండి. కిందికి దిగాక దాన్ని వెనక్కి తిప్పడం మర్చిపోతే మాత్రం ఇంజన్ వేడెక్కుతుంది. వోల్టేజీతో పాటు ఫ్రీక్వెన్సీ కూడా కొలిచే మీటర్ ఉంటే మంచిది. వేగం మారని పాతకాలపు రకంలో రెండు పోల్స్ ఉన్నదైతే 50 హెర్ట్జ్‌కు ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు, 60 హెర్ట్జ్‌కు 3,600 తిరగాలి. కాబట్టి ఫ్రీక్వెన్సీ పడిపోతోందంటే ఇంజన్ నెమ్మదిస్తోందనే. ఇన్వర్టర్ రకానికి ఈ లెక్క వర్తించదు, అవి లోడును బట్టి వేగం మార్చుకుంటాయి.

డీజిల్‌ది, గ్యాస్‌ది అడగలేదు గానీ చదివే ఇతరులకు రెండు ముక్కలు. డీజిల్‌కు జిగురు బాధ తక్కువ, గాలి పట్టే బాధ ఎక్కువ. ఫిల్టర్ మార్చాక ప్రైమ్ చేసి గాలి తియ్యందే లేవదు. చిన్న లోడు మీద గంటల తరబడి తిప్పితే మండని డీజిల్ నల్లటి జిడ్డులా సైలెన్సర్‌లోంచి కారుతుంది. గ్యాస్‌ది అయితే సిలిండర్ వాల్వును మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే లోపలి భద్రతా వాల్వు లీకేజీ అనుకుని దారి మూసేస్తుంది, మీరు గ్యాస్ అయిపోయిందనుకుంటారు.

మీరు చివర్లో యథాలాపంగా ఒక మాట రాశారు, రాత్రి ఏసీ వేసుకుని జనరేటర్ ఆన్‌లో ఉంచి పడుకోవచ్చు కదా అని. వద్దు. ఈ ఒక్కదాంట్లో నేను బేరానికి రాను. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళకు తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తల తిరగడం తెలుస్తాయి, బయటికొస్తే తగ్గుతాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు ఏదీ తెలియదు. మీ పొగగొట్టం బాగానే ఉండొచ్చు, కానీ గాలి దిక్కు మారి పక్క బండి పొగ మీ కిటికీలోకి వచ్చినా అదే ఫలితం. పగలు తిప్పేటప్పుడు కూడా పొగ వచ్చే వైపు కిటికీలు మూసి, గోడకూ పొదలకూ దూరంగా నిలపండి. ఎండుగడ్డి మీద అసలే నిలపకండి, వేడి గొట్టానికి గడ్డి అంటుకుంటుంది. కింద దూరి గొట్టం పొడవునా చూడండి. అతుకుల దగ్గర మసి చారలు కనిపిస్తే అక్కడ పొగ తప్పించుకుంటోంది, అది బాగయ్యేదాకా తిప్పొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పరీక్ష బటన్ నొక్కితే కూత పెడుతుంది, దాంతో తృప్తిపడకండి. ఆ బటన్ చెప్పేది బ్యాటరీ, బూర బాగున్నాయని మాత్రమే. లోపలి సెన్సార్‌కు ఆయుష్షు ఉంటుంది, మోడల్‌ను బట్టి ఐదు నుంచి పదేళ్ళు. వెనక్కి తిప్పి తేదీ చూడండి. పాత బండి అంటున్నారు కాబట్టి గడువు తీరిపోయే ఉంటుందని నా అనుమానం.

ముల్లు ఎక్కడుంది, బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులకు పడింది, ఇంజన్ ఆగేటప్పుడు టప్పున ఆగిందా దగ్గుతూ ఆగిందా, ఈ మూడూ చూసి రాయండి. పంపు చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పెడితే ఇంకా మంచిది. అవి తెలిశాకే కార్బురేటర్ మీద పానా పెట్టండి.